గురువారం గుగ్గిళ్ళు

ఆ శనివారం గొర్రెను ఇంటి వెనక్కి తోలుకుపోయింది నేనే. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అది అరుస్తుంటే మాటలు సరిగా పట్టడం లేదని ఆ తెల్లాయన చెవులకు పెట్టుకున్న డిప్పలు తీసి సైగ చేశాడు. ఇంటికి వచ్చిన అతిథి అడిగాడు కదా అని తాడు విప్పి తీసుకుపోయాను. ఉపవాసాలు విడిచే పాస్కా పండుగకు కొన్న గొర్రె అది. పక్కనే కాళ్ళు కట్టేసి ఉన్న రెండు కోడిపుంజుల్ని నా భార్య తంగుత్ గంప కింద మూసేసింది. ఇక వాకిట్లో అమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె వెనక కోతలైపోయిన చేను, నెర్రెలు విచ్చిన నేల.

మా గొజ్జాం సీమలో ఏ ఏడైనా ఆ రోజుల్లో చేలు అలాగే ఉంటాయి. పంట గాదెల్లో ఉంటుంది. నేల ఖాళీగా ఉంటుంది.

వాళ్ళు ముగ్గురు వచ్చారు. కెమెరా పట్టుకున్న ఆ తెల్లాయన, ప్రశ్నలడిగే తెల్లావిడ, వాళ్ళ మాటలు మాకూ మా మాటలు వాళ్ళకూ చెప్పడానికి రాజధాని నుంచి ఎర్మియాస్ అనే కుర్రాడు. కారు వేడెక్కిందని నీళ్ళ కోసం మా ఇంటి దగ్గర ఆపారు. బావి దగ్గర ఎర్మియాస్ నాతో అసలు సంగతి చెప్పాడు. ఉత్తరాన కొండల అవతల రెండేళ్ళుగా వానల్లేవు. అక్కడికి పోవాలని బయలుదేరారు. అనుమతి కాగితం కోసం అయిదు రోజులు చూశారు, రాలేదు. మర్నాడే వాళ్ళ విమానం.

"ఉత్త చేతులతో పోలేరుగా అన్నా. ఆవిడ మీ అమ్మగారితో రెండు మాటలు మాట్లాడతానంటోంది" అన్నాడు.

"మాట్లాడితే ఏం పోయింది? రమ్మను" అన్నాను.

అమ్మ అప్పుడే మరియమ్మ గుడి నుంచి వచ్చి అరుగు మీద కూలబడింది. పెద్ద ఉపవాసాల్లో చివరి రోజు. గురువారం సాయంత్రం నుంచి పాస్కా కోడి కూసేదాకా ఆమె పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. డెబ్బై దాటినా మానలేదు. శుక్రవారం పొద్దంతా గుడి రాతినేల మీద సాష్టాంగాలు పెట్టింది. నుదుటి మీదా మోచేతుల మీదా ఆ దుమ్ము అలాగే ఉంది. పెదాలు పగిలి ఉన్నాయి.

తెల్లావిడ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అవ్వా, ఆఖరుసారి ఎప్పుడు తిన్నావని అడుగుతోంది" అన్నాడు ఎర్మియాస్.

"గురువారం."

"ఏం తిన్నావట?"

"గుగ్గిళ్ళు."

ఆ గురువారం మా దేశంలో గోధుమలూ బొబ్బర్లూ కలిపి ఉడికించిన గుగ్గిళ్ళు తినని ఉపవాసపు ఇల్లు ఉండదు. ఉన్నవాడైనా లేనివాడైనా అవే.

"పాలు, గుడ్లు, మాంసం?"

"యాభై రోజులు దాటింది" అంది అమ్మ. తర్వాత కళ్ళు కొంచెం నవ్వాయి. "ఇన్ని ఆరాలెందుకురా ఈ పిల్లకు? ఏమైనా సంబంధం తెచ్చిందా?"

ఎర్మియాస్ నవ్వాడు కానీ ఆ మాట వాళ్ళకు చెప్పలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "అన్నా, ఇది ఉపవాసమని చెప్పనా?"

నేను అమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నాకు ఏడేళ్ళప్పుడు, మొదటిసారి మధ్యాహ్నం దాకా ఉపవాసం ఉండి, ఆ గొప్ప పక్కింట్లో చెప్పుకుని వచ్చాను. అమ్మ పిలిచి గిన్నెడు అంబలి చేతిలో పెట్టింది. "చెప్పుకున్నావుగా, నీ కూలి నీకు ముట్టింది. ఇక తాగు" అంది. ఏడుస్తూ తాగాను. ఆ రుచి ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఆమె చెప్పలేదుగా. మనమెందుకు చెప్పడం?" అన్నాను ఎర్మియాస్‌తో.

అంతే జరిగింది.

తంగుత్ వెదురు పళ్ళెంలో రొట్టె, వేయించిన బార్లీ గింజలు తెచ్చింది. తెల్లావిడ చెయ్యి గుండె మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. కళ్ళ వెంట నీళ్ళు.

"మీకున్నదే కాస్త, అది మేమెలా తింటామంటోంది" అన్నాడు ఎర్మియాస్.

"ఎంగిలి పడకుండా పోతే గడపకు మంచిది కాదని చెప్పు నాయనా" అంది అమ్మ.

అతను చెప్పాడు. ఆవిడ అమ్మను కావలించుకుంది తప్ప ఒక్క గింజ ముట్టలేదు. కారు పోయాక అమ్మ చాలాసేపు రోడ్డు వైపే చూసింది.

"మంచి పిల్ల. ఏదో దుఃఖంలో ఉంది. ఇంట్లో ఎవరైనా పోయారేమో, అడగవలసింది" అంది.

*

పాస్కా తర్వాత యాభై రోజులు మా ఇళ్ళలో బుధ, శుక్రవారాలు కూడా ఉపవాసం ఉండదు. గొర్రె కోశాం, పుంజుల్ని కోశాం, ఇల్లంతా నేతి వాసన. అలాంటి ఒక మధ్యాహ్నం రాజధానిలో ఉండే తంగుత్ చెల్లెలు ఫోన్ చేసింది. హలో అనకముందే ఏడుపు.

"బావా, ఇంత జరుగుతుంటే మాకొక్క మాట చెప్పలేదేం?"

"ఏం జరిగింది?"

"పంపాను, చూడు. లోకమంతా చూస్తోంది."

ఫోన్‌లో అమ్మ ముఖం వచ్చింది. అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. పగిలిన పెదాలు, నుదుటి మీద దుమ్ము, వెనక నెర్రెలు. ఎవరో చనిపోయినప్పుడు వాయించేలాంటి సంగీతం. కింద వాళ్ళ భాషలో అక్షరాలు పోతున్నాయి. ఎనిమిదో తరగతి చదువుకున్న నాకు కూడబలుక్కుంటే కొన్ని అర్థమయ్యాయి. రెండు రోజులుగా తిండి లేదు. పాలూ మాంసమూ చూసి యాభై రోజులు. అన్నీ అమ్మ అన్న మాటలే. వాటిలో ఒక్క అబద్ధం లేదు.

మా ఊరి పేరు లేదు. యెషారెగ్ అనే అమ్మ పేరూ లేదు. చివర పెద్ద అక్షరాలతో ఆఫ్రికా అని మాత్రం ఉంది.

మా దేశంలోనే ఎనభై భాషలంటారు. కొండ దిగి రెండు రోజులు నడిస్తే అక్కడివాళ్ళ మాట నాకు తెలియదు. పొరుగు దేశాలవాళ్ళు పొద్దున లేచి ఏం తింటారో, దేనికి నవ్వుతారో నేను చూడలేదు. వాళ్ళందరికీ కలిపి మా అమ్మ ముఖం ఒక్కటి పెట్టారు. అదీ శనివారం నాటి ముఖం.

అమ్మ ఫోన్ తీసుకుని కళ్ళకు దూరంగా పట్టుకుంది. "ఎవరీ ముసలిది, ఇంత నీరసంగా ఉంది?" అంది. తర్వాత శాలువా అంచు గుర్తుపట్టింది. "అయ్యో, ముఖమైనా కడుక్కోలేదు. ఏమంటున్నార్రా నా గురించి?"

"ఉత్తరాన కరువు గురించమ్మా."

"అయితే మంచిదేగా. నన్ను చూసి వాళ్ళకింత పెడతారేమో."

ఊళ్ళో వాళ్ళు మొదట నవ్వారు. అమ్మ స్నేహితురాలు వుబాలెం మా అరుగు మీద కూర్చుని పొట్ట పట్టుకుంది. "ఉపవాసాన్ని ఆకలనుకున్నారా! అక్కా, అయితే ఆ వేళ ఊరంతా చావుకు సిద్ధంగా ఉన్నట్టే. గుడి పూజారులూ పంతుళ్ళూ ముందు పోతారు" అంది. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

నేను ఎర్మియాస్‌కి ఫోన్ చేశాను.

"ఆ రోజే అడిగానుగా అన్నా, చెప్పనా అని" అన్నాడు.

"తప్పు నాదే. ఇప్పుడు చెప్పు."

"చెప్పాను. అది ఉపవాసమన్నాను. మరి ఆవిడకు ఆకలి వేయలేదా అని అడిగారు. ఏమనను? వేసిందన్నాను. అయితే సరేగా అన్నారు."

"ఇంకోసారి వచ్చి సరిగా చూపించమను. గాదెలు చూపిస్తాను. గొర్రెలు చూపిస్తాను."

"వాళ్ళు ఇప్పుడు వేరే దేశంలో ఉన్నారన్నా" అన్నాడు. "ఎవరో దాతలు మీ ఊరి పేరడిగారు. చెప్పాను. మంచే కదా అనుకున్నాను."

*

లారీ పదో రోజున వచ్చింది. దానితో తాలూకా ఆఫీసు నుంచి ముచె అనే అధికారి వచ్చాడు. గోధుమ బస్తాలు ముప్పై, నూనె డబ్బాలు, ఒక కాగితాల కట్ట. ఊరు ఊరంతా మా వాకిట్లో చేరింది.

ముచె నన్ను చాటుకు పిలిచాడు. "దేశం పరువు తీశారు కదయ్యా మీరు. గొజ్జాంలో ఆకలా? పైవాళ్ళు నన్ను ఉతికేస్తున్నారు."

"అయితే లారీ వెనక్కి పంపండి. మాకు అక్కర్లేదు."

"వెనక్కా? దూరం నుంచి దాతలు పేరు రాసి పంపారు. వద్దంటే మేం నొక్కేశామంటారు. తిట్టేదీ మమ్మల్నే, అడిగేదీ మమ్మల్నే. అవ్వ వేలిముద్ర వేస్తే ఇద్దరం బతుకుతాం."

అమ్మ కర్ర ఊతంతో వచ్చి నిలబడింది. "ఏమిటి నాయనా ఇవి?"

"నీకు పంపారవ్వా."

"నాకెందుకు? నా గాదెలో మొన్నటి టెఫ్ గింజలు ఇంకా కొలవలేదు. ఉత్తరాన వాళ్ళకు లేదన్నారుగా, అటు తోలండి."

"అలాగే తోలదాం. ముందు నువ్వు పుచ్చుకున్నట్టు ముద్ర వెయ్యాలి. అప్పుడు నీ వస్తువు. నీ ఇష్టం వచ్చిన వాళ్ళకు ఇచ్చుకో. లారీ ఎల్లుండి మళ్ళీ వస్తుంది."

"నిజమేనా?"

"మరియమ్మ తోడు."

ఆ ఒట్టు విని అమ్మ బొటనవేలు చాపింది. ముచె సిరా రాశాడు. ఎవరో ఫోటో తీశారు.

బస్తాలు అరుగు మీదే పేర్చవలసి వచ్చింది. గాదెలు నిండి ఉన్నాయి, ఇంట్లో చోటు లేదు. రోడ్డున పోయే ప్రతి మనిషికీ అవి కనబడేవి.

లారీ ఎల్లుండి రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. నేను రెండుసార్లు తాలూకాకు నడిచి వెళ్ళాను. మొదటిసారి ముచె ఊళ్ళో లేడు. రెండోసారి కాఫీ ఇప్పించాడు.

"కాగితం మీ అమ్మగారి పేరున ఉంది, దెస్సాలె. అవసరంలో ఉన్నవాళ్ళ జాబితాలో ఎక్కింది. ఎక్కించడం నా చేతిలో ఉంది. దించడం లేదు."

"కనీసం ఆ బస్తాలు ఉత్తరానికి పోయే దారి చెప్పండి. అక్కడ నిజంగా ఆకలితో ఉన్నారు."

"ఉన్నారు" అన్నాడు ముచె. "వాళ్ళ పేర్లు ఇంకా రాయలేదు."

*

అబ్బా ఫిస్సెహా అనే గుడ్డి సన్యాసి ప్రతి బుధవారం పూజ అయ్యాక మా వీధిలో కర్ర తట్టుకుంటూ వచ్చేవాడు. మరియమ్మ పేర చెయ్యి చాచేవాడు. పదిహేనేళ్ళుగా అమ్మ చేతి మొదటి రొట్టె ఆయనకే. లారీ వచ్చిన వారం ఆయన కర్ర చప్పుడు మా గేటు దగ్గర నెమ్మదించింది, ఆగకుండా దాటిపోయింది.

"కుక్క మొరిగిందేమో, జడిశాడు" అంది అమ్మ. మరుసటి బుధవారం కుక్కను కట్టేసింది. ఆయన ఆగలేదు. ఆ పై బుధవారం రొట్టె నా చేతికిచ్చి వెంట పంపింది.

అబ్బా రొట్టెను వేళ్ళతో తడిమి నా చేతిలోనే పెట్టేశాడు. "ఈ ఇంటి ఉప్పు పదిహేనేళ్ళు తిన్నాను నాయనా. ఇప్పుడు ఆ ఇంటికే బయటినుంచి గింజలు దింపుతున్నారు. చప్పుడు విన్నాను. ముప్పై బస్తాలు లెక్కపెట్టాను. ఇక చెయ్యి చాస్తే మరియమ్మ తల్లి నన్నడగదా?"

"అబ్బా, మా గాదెలు నిండుగా ఉన్నాయి. ఒట్టు."

ఆయన నా భుజం తట్టాడు. "మంచి కొడుకువి. అమ్మ పరువు నిలబెడుతున్నావు."

రొట్టె వెనక్కి తెచ్చి ఆయన గుడి దగ్గర లేడని అమ్మతో చెప్పాను. ఆమె నా ముఖం చూసి రొట్టె తీసుకుంది.

ఆ నెల ఇరవై ఒకటిన మరియమ్మ సంఘం అమ్మ వంతు. పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళ సంఘం అది. నెలకొక ఇంట్లో అందరికీ భోజనం. ఏడాదికొక్కసారి వచ్చే వంతు కోసం అమ్మ మిగతా పదకొండు నెలలూ బతికేది అనిపిస్తుంది నాకు. నాలుగు రోజుల ముందే బార్లీ కల్లు పులియబెట్టించింది. ఆరు కోళ్ళు. నెయ్యి కొత్తది కాయించింది. అరుగు మీది బస్తాల పైన తెల్ల దుప్పట్లు కప్పించింది. కప్పాక అవి ఇంకా పెద్దవిగా కనిపించాయి.

ఆడవాళ్ళు వచ్చారు. ఎప్పుడూ గొంతులు ముందు వచ్చేవి, మనుషులు తర్వాత. ఆ రోజు నిశ్శబ్దంగా వచ్చారు. ప్రతి ఒక్కరి శాలువా కిందా ఏదో ఎత్తుగా ఉంది. వుబాలెం తన శాలువా తీసి చిన్న మూత బుట్ట మూలన పెట్టింది. పక్కన ఇంకొకటి, ఇంకొకటి. పన్నెండో ఇల్లు మాది కాబట్టి పదకొండు బుట్టలు.

"ఏమిటివి?" అంది అమ్మ.

"ఏం లేదక్కా. ఇంట్లో మిగిలాయి, పారబొయ్యడమెందుకని."

"వంతు నాదైతే నీ ఇంట్లో మిగలడమేంటే?"

తంగుత్ పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. అమ్మ ఇంజెరా రొట్టె తుంచి, కోడికూర చుట్టి, మా ఆచారం ప్రకారం ఒక్కొక్కరి నోటికి తన చేత్తో అందించింది. పెద్ద ముద్ద పెడితే పెద్ద ప్రేమ అంటారు. వాళ్ళు తల వెనక్కి లాగి, చాలు చాలంటూ సగమే కొరికారు. చేతులు పళ్ళెం అంచు దగ్గరే తిరిగాయి. ఇంటివాళ్ళకు మిగలాలని జాగ్రత్తగా తిన్నారు.

నేను ఆగలేక లోపలికి వచ్చాను. "గాదె మూత తీస్తాను, వచ్చి చూడండి. ఆ వీడియో పాస్కా ముందు శనివారంది. మీ అందరికీ తెలుసు, అది ఉపవాసం."

"తెలుసు నాయనా" అంది వుబాలెం జాలిగా. "ఆ శనివారం ఉపవాసం మేమూ ఉన్నాం. మా వాకిట్లోకి లారీ రాలేదే."

"గాదె చూడు పిన్నీ!"

"కూర్చో దెస్సాలె. ఒకరి గాదెలోకి తొంగి చూసేంత పాపం మాకెందుకు?"

అమ్మ నా వైపు చూసి చెయ్యి ఎత్తింది. ఊరుకోమని. తర్వాత లేచి వెళ్ళి పదకొండు బుట్టల మూతలూ తీసి, ప్రతి దాంట్లోంచీ ఒక తుంపు తిని, బాగుంది తల్లీ అని పేరుపేరునా అంది. మా వంటకం ఆ రాత్రికీ మర్నాటికీ మాకే మిగిలింది.

*

తొలకరి పడింది. యాభై రోజులు తీరి అపొస్తలుల ఉపవాసాలు వచ్చాయి. బస్తాల అడుగు వరస తడిసి మొలకలు వచ్చాయి. అమ్మ ఎప్పటిలాగే మూడో జాము దాకా ఏమీ ముట్టకుండా ఉండడం మొదలుపెట్టింది.

రెండో బుధవారం, పూజ గంట కొట్టి ఎంతోసేపు కాలేదు. నేను నాగలి సరిచేస్తున్నాను. పటపటమని ఏదో చప్పుడు. చూస్తే అమ్మ గేటు దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో వేయించిన బార్లీ గింజలు. గుప్పెడేసి నోట్లో పోసుకుని, ఉన్న నాలుగు పళ్ళతో గట్టిగా నములుతోంది. మధ్యాహ్నం కూడా కాలేదు. నాకు ఊహ తెలిశాక ఎన్నడూ ఆమె ఉపవాసపు రోజున ఆ వేళ నోరు కదపలేదు.

"అమ్మా!"

"ఉష్" అంది. కళ్ళు వీధి మీద ఉన్నాయి.

కర్ర చప్పుడు వచ్చింది. అమ్మ ఇంకో గుప్పెడు పోసుకుని ఇంకా గట్టిగా నమిలింది. గుడ్డివాడికి వినబడాలని, ఈ ఇంట్లో తిండి ఉందని.

అబ్బా ఫిస్సెహా ఆగాడు. నెలన్నర తర్వాత మొదటిసారి మా గేటు ముందు ఆగాడు. తల పక్కకు వంచి విన్నాడు.

"యెషారెగేనా?"

"నేనే అబ్బా. రా, కూర్చో. ఇన్ని గింజలు నోట్లో వేసుకో."

ఆయన కూర్చోలేదు. "ఉపవాసం కూడా నిలవనంత ఆకలైందా తల్లీ?" అన్నాడు.

నేను లేచాను. అమ్మ చూపు నన్ను అక్కడే ఆపింది. అబ్బా జోలె తడిమి, ఎవరింట్లోనో ఆ పొద్దున దొరికిన రొట్టె ముక్క తీశాడు. గాలిలో వెతికి అమ్మ చేతులు పట్టుకుని అందులో పెట్టాడు.

"మరియమ్మ పేర" అన్నాడు.

ఆ పేరుతో ఇచ్చింది కాదనకూడదు. అమ్మ రెండు చేతులా పుచ్చుకుని కళ్ళకద్దుకుంది. ఆయన కర్ర చప్పుడు మలుపు తిరిగేదాకా కదల్లేదు. తర్వాత నోట్లో మిగిలిన గింజలు అరచేతిలోకి ఉమ్మేసి, ఒళ్ళోవి కూడా కలిపి నాకిచ్చింది.

"కోళ్ళకు వెయ్యి" అంది.

ఆ రొట్టె ముక్క మాత్రం మూడో జాము దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.